దిగేటప్పుడు తీసిన ఫొటో

మా అన్న చేపల వేటకెళ్లి తిరిగిరాక ఏడేళ్లు. పడవ దొరకలేదు, శవం దొరకలేదు. గడ్డితో మనిషి బొమ్మ చేసి దహనం చేద్దామని ఊరి పెద్దలంటారు. వదిన ఒప్పుకోదు. పొద్దున్నే బొట్టు పెట్టుకుని చేపల తట్ట ఎత్తుకుంటుంది.

అండమాన్‌లో ఉన్న మా అమ్మాయి పురుటికి నేను విమానంలో వెళ్తున్నానని తెలిసి వదిన మా ఇంటికొచ్చింది.

"ఒలే, అందరూ పడవలేసుకుని ఎతికినారు. పైనుంచి ఎవుడూ సూణ్ణేదు. సముద్రాన్ని ఒక ఫొటో తియ్యి. అందులో ఏటీ నేకపోతే అప్పుడు తగలెట్టుకోండి మీ గడ్డిబొమ్మ."

"అంత ఎత్తునించి పడవ కనిపిస్తాదేటి వదినా?"

"నీకు కనిపించదులే. యాభై దాటాక ఓనమాలు దిద్దినదానివి. నాకు కనిపిస్తాది."

వెళ్లేటప్పుడు అంతా మబ్బు. వచ్చేటప్పుడు ఎండ కాసింది. ఫొటో తీయవచ్చా అని విమానంలో పనిచేసే అమ్మాయిని అడిగాను.

"కిటికీ బయటవి తీసుకోండమ్మా, లోపలి మనుషుల్ని వద్దు. విశాఖలో దిగేటప్పుడు మాత్రం అసలు తీయకూడదు. అది నేవీ వాళ్ల విమానాశ్రయం."

ఒకటి తీశాను. వట్టి నీలం. పుట్టినప్పటి నుంచీ వింటున్న సముద్రం చప్పుడు లేకుండా పడి ఉంది. కెరటం కదలడం లేదు. చూడలేక కళ్లు మూసుకున్నాను.

కళ్లు తెరిచేసరికి విమానం కిందికి దిగుతోంది. పడవలు వడ్లగింజల్లా కనిపించాయి, తర్వాత పడవల్లాగే కనిపించాయి. అన్నీ ఒడ్డుకు వస్తున్నాయి, వెనక తెల్లగా నురగ. ఒక్కటి మాత్రం లోతుకేసి తిరిగి ఉంది. దాని వెనక నురగ లేదు. అంచున పసుపు పట్టీ. అన్న పడవకి వదిన వేసిన పట్టీ అంతే వెడల్పు. అందులో నిలబడిన మనిషి తల పైకెత్తాడు.

ఫోను నొక్కాను.

"అమ్మా, చెప్పాను కదా!" బెల్టులు చూసుకుంటూ వచ్చిన ఆ అమ్మాయే. "తీసేయండి, నా ముందే."

'తొలగించు' అన్న మాట కూడబలుక్కుని చదివి నొక్కాను. శాశ్వతంగానా అని ఫోను మళ్లీ అడిగింది. అదీ చదివాను. నొక్కాను. కిటికీలోంచి చూస్తే ఆ చోట నీళ్లే ఉన్నాయి.

ఇంటికొచ్చి వదినకి నీలం ఫొటో చూపించాను. రెండోదాని మాట ఎత్తలేదు. ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుని ఫోను అందుకుంది. చాలాసేపు చూసింది. ఒక మూల వేలు పెట్టింది.

"ఇక్కడున్నాడు."

"ఏటీ నేదు వదినా అక్కడ."

"ఒడ్డుకి ఎనక్కి తిరిగున్నాడు కదే." గొంతులో ఏడుపు లేదు. "పడవ మూతి లోతుకి తిప్పుకున్నాడు. ఇంక రాడు. గడ్డి తెమ్మను."

ఆమె ఫోను నా ఒళ్లో పెట్టి, చీర కొంగుతో బొట్టు తుడుచుకుంది.

ఆ మూలని ఇప్పటికి ఎన్నిసార్లు పెద్దది చేసి చూశానో. నీలమే. నేను తీసేసిన ఫొటో సంగతి వదినకి ఇంతవరకూ చెప్పలేదు. ఆమె అడగలేదు.