తార్నాక కొలనులో క్లోరిన్ దొంగ

ఇన్నయ్య ఇరవై రెండేళ్లుగా యూనివర్సిటీ క్యాంపస్ ఈతకొలను నీళ్లు చూస్తున్నాడు. డిగ్రీ రెండో ఏడులో చదువు మానేశాడు. మానేశాడంటే మాత్రం ఊరుకోడు. "నేను మానలే, కాలేజే నన్ను తట్టుకోలేక చేతులెత్తింది" అంటాడు. ఆయన మాట నమ్మితే, హుస్సేన్ సాగర్‌ను ఒంటిచేత్తో ఈదాడు. రెండో చేతిలోని ఇరానీ చాయ్ తొణకలేదు. మూత తీయని డబ్బాను వాసన చూసి లోపల క్లోరిన్ ఎంతుందో చెప్పేస్తాడు.

అంతటి ఇన్నయ్యకు తార్నాకలో భానుప్రకాశ్ సారు ఇంటి కొలను చెమటలు పట్టించింది. సారు రిటైరైన కెమిస్ట్రీ ప్రొఫెసరు. మోకాళ్ల నొప్పులకు ఈత మంచిదని డాక్టరు చెబితే పెరట్లో నాలుగడుగుల లోతున కొలను కట్టించుకున్నాడు. ఇన్నయ్య రోజూ పొద్దున్నే వచ్చి అందులో క్లోరిన్ మందు కలిపి పోతాడు. మూడు వారాలుగా ఆ మందు నిలవడం లేదు. గాజుగొట్టంలో కొలను నీళ్లు పట్టి రెండు చుక్కల రసాయనం వేస్తే నిమ్మపండు పసుపు రావాలి. సారు ముఖం తప్ప ఏదీ రంగు మారడం లేదు.

"ఆదివారం దాకా చూస్త ఇన్నయ్యా. అప్పటికీ పసుపు రాకుంటే ఇంకెవరినన్న పిలుస్త."

పోయేది ఒక్క ఇంటి పనైతే ఇన్నయ్య లెక్కచేసేవాడు కాదు. క్యాంపస్ పిల్లలు పెట్టిన "క్లోరిన్ సారు" అన్న పేరు పోతుంది.

"ఫికర్ చెయ్యకుండ్రి సారూ! ఆ క్లోరిన్ దొంగ ఎవడో దొరకనియ్యుండ్రి, ఇవే నీళ్లల్ల మూడు మునకలు ఏయిస్త" అని సారు భార్య ప్రమీలమ్మ ముందే ఒట్టు పెట్టాడు.

మొదట ఎండను అనుమానించాడు. ఎండకు క్లోరిన్ ఆవిరైపోతుంది. అందుకని పొద్దుగుంకాక మందు కలిపి, పసుపు వచ్చిందని చూసుకుని, తెల్లారి ఎండ పొడవకముందే మళ్లీ చూశాడు. పసుపు మాయం. చుక్కలసీసా పాతబడిందేమోనని క్యాంపస్ నీళ్లలో వేసి చూశాడు. భేషుగ్గా పసుపొచ్చింది. ఎండా కాదు, సీసా కాదు. ఇక మిగిలింది సారే.

"సారూ, తప్పుగ అనుకోవద్దు. సల్లటి నీళ్లల్ల దిగంగనే పెద్దమనుషులకు గూడ ఒక్కోసారి... ఉచ్చ..."

"ఇన్నయ్యా! ముప్పై ఏండ్లు కెమిస్ట్రీ చెప్పిన. ఉచ్చల అమ్మోనియా క్లోరిన్‌ను తింటదని నాకు ఎరుక లేదా?"

"ఎరుకున్నోళ్లకు రాదా సారూ?"

ఆ రోజు నుంచి సారు కొలనులో కాలు పెట్టలేదు.

శనివారం పొద్దున ఇన్నయ్య గట్టుమీద వంగి గొట్టంలో నీళ్లు పడుతుంటే నడినెత్తిన ఒక చుక్క పడింది. వెంటనే ఇంకొకటి. తుడుచుకుని వాసన చూశాడు. ఎక్కడో తెలిసిన వాసనే. తలెత్తితే మిద్దెమీద ప్రమీలమ్మ వంగ కుండీలకు చెంబుతో ఏదో పోస్తోంది. కుండీల అడుగున కారినదంతా పిట్టగోడ తూములోంచి తిన్నగా కొలనులోకి దిగుతోంది.

"అమ్మా, ఏంది పోస్తున్నరు?"

"జీవామృతం ఇన్నయ్యా. ఆవుపేడ, ఆవుమూత్రం, బెల్లం. నువ్వు తెచ్చిచ్చిన డ్రమ్మే గద! మూడు వారాల సంది రెండు పూటల పోస్తున్న. వంకాయలు చూడు, నీ పిడికిలంత!"

ఇన్నయ్యకు డ్రమ్ము గుర్తొచ్చింది. ఘట్‌కేసర్‌లో ఆవుల్ని మేపే బామ్మర్ది దగ్గర్నుంచి ఆ డ్రమ్ము మోసుకొచ్చింది తనే. ఇది పోస్తే ఎండిన గుంజక్కూడా కాయలు కాస్తాయని కోతలు కోసింది తనే.

వెంటనే తూముకు పైపు బిగించి మురుగు మోరీలోకి తిప్పాడు. సగం నీళ్లు మార్చి, మందు మూడింతలు కలిపాడు.

ఆదివారం పొద్దున గాజుగొట్టంలో నిమ్మపండు పసుపు మెరిసింది. సారు కళ్లజోడు సవరించుకుని అడిగాడు: "మరి దొంగెవరు?"

నెపం ఎండ మీదకు తోయడం ఇన్నయ్యకు నిమిషం పని. మార్చిలో సూర్యుడు తార్నాక మీద ఒక మూర కిందికి దిగుతాడని చెబితే వినేవాళ్లు వింటారు. కానీ ఉచ్చ మాట పడ్డ సారు గట్టుమీదే, మోకాళ్లు నిమురుకుంటూ నిలబడి ఉన్నాడు.

"నేనే సారూ" అని తూము చూపించి, డ్రమ్ము కథంతా చెప్పేశాడు.

సారు నవ్వలేదు. "అంగీ ఇప్పు. మూడు మునకలన్నవ్."

ఇన్నయ్య దిగాడు. ఒక చేత్తో ముక్కు పట్టుకుని, రెండో చేత్తో నిచ్చెనను కావలించుకుని, మూడుసార్లు మునిగాడు.

"నిచ్చెన ఇడువు ఇన్నయ్యా! సాగర్ ఈదినోనివి గద!" అని పైనుంచి ప్రమీలమ్మ.

"సాగర్ల చాయ్ ఉండెనమ్మా చేతుల" అన్నాడు ఇన్నయ్య, నిచ్చెన ఇంకా గట్టిగా పట్టుకుని.

సారు అప్పుడు నవ్వాడు. నవ్వుతూనే మోకాలు పట్టుకుని, తనూ ఒక్కో మెట్టు దిగసాగాడు. "కొంచెం జరుగు. రేపు పొద్దున జల్దీ రా."