స్టీరింగ్ కింద తాయెత్తు

మా కారుకి ఒక్కటే తాళంచెవి ఉండేది. రెండేళ్ల కిందట చిరాగ్‌పల్లి దగ్గర ఒకాయన వాడిన కారును కొన్నాం. ఆయన మా చేతిలో పెట్టింది ఆ ఒక్కటే. రెండోది ఏదని నేను అడిగితే పోయిందన్నాడు. అంతటితో వదిలేశాం. మా ఆయన దాన్ని ప్యాంటు జేబులో వేసుకుని షిఫ్టుకి పోయేవాడు. ఆయన పోయేది కంపెనీ బస్సులో. కారు ఇంటి ముందర, దాని తాళంచెవి ఫ్యాక్టరీలో. ఇంట్లో పెట్టి వెళ్లమని ఎన్నిసార్లు చెప్పానో. సరే అనేవాడు, మర్నాడు మళ్లీ జేబులోనే ఉండేది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం మా పాపకి జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. దానికి రెండేళ్లు. కళ్లు పైకి పోయాయి, చేతులు బిగుసుకున్నాయి. నేను దాన్ని ఎత్తుకుని బయటికి పరిగెత్తాను. కారు గుమ్మం ముందే ఉంది. తాళం వేసి ఉందని తెలిసి కూడా దాని తలుపు పట్టుకుని లాగాను. పెళ్లికి ముందే మా నాన్న నాకు డ్రైవింగ్ నేర్పించాడు. ఆ రోజు ఆ విద్య ఎందుకూ పనికిరాలేదు. చివరికి అల్లం బస్తాలతో పోతున్న ఆటోను ఆపి, నేనూ మా అత్తగారూ ఆ బస్తాల మీదే కూర్చుని ఆసుపత్రికి వెళ్లాం. చేరేసరికి ఫిట్స్ ఆగిపోయాయి. చిన్నపిల్లలకి జ్వరంతో ఇలా వస్తుంటుంది, పెద్దయ్యాక పోతుంది, భయపడొద్దు, కానీ ఐదు నిమిషాలు దాటితే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు అని చెప్పింది డాక్టరమ్మ. అందులో నాకు చివరి మాట ఒక్కటే మిగిలింది.

ఆ ఆదివారమే బజారులో తాళాలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లి మా తాళంచెవికి నకలు కోయించాను. తలుపులు తెరుచుకుంటాయి గానీ బండి నడుస్తుందో లేదో తాను చెప్పలేనన్నాడు. ఇంటికొచ్చి తిప్పి చూశాను. నడిచింది. కొత్తదాన్ని తలుపు వెనక మేకుకి తగిలించి, ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను.

దసరాకి ముందు రోజు పూజ కోసం కారు కడుగుతూ లోపల తుడుస్తుంటే స్టీరింగ్ కింద, తాళం పెట్టే చోటికి పక్కనే, నా చేతికి ఏదో తగిలింది. గోరంత ఉంది. నల్లదారం చుట్టి, దాని మీద నల్ల టేపు అంటించారు. మా అత్తగారిని పిలిచి చూపించాను. ఆమె పుట్టిల్లు న్యాల్‌కల్ అవతల, కర్ణాటక అంచున. ఇలాంటివి బాగా తెలిసిన మనిషి. వంగి చూసి వెనక్కి జరిగింది.

"తాయెత్తు. ఎవలు కట్టిన్రో, ఎందుకు కట్టిన్రో. పరాయోళ్లది మన బండిల ఉండద్దు. పారే నీళ్లల్ల వేసి రా."

పీకేశాను. పొట్లం కట్టుకుని వాగు దాకా నడిచాను కూడా. వేయలేకపోయాను. అంత పాత బండికి ఒంటి మీద పెద్ద దెబ్బ ఒక్కటీ లేదు. దీన్ని ఎవరో ఎవరి కోసమో భయపడే కట్టి ఉంటారు. ఆ భయం నాకు తెలిసినట్టే అనిపించింది. డిగ్రీ చదివాను, ఇలాంటివి నమ్ముతావా అని ఎవరైనా అడిగితే లేదనే అంటాను. అయినా ఇంటికొచ్చి, పాప తలగడ కుట్టు కొద్దిగా విప్పి, దూదిలోకి దాన్ని తోసి మళ్లీ కుట్టేశాను. వాగులో వేశానని మా అత్తగారికి చెప్పాను.

మర్నాడు పూజ అయ్యింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి మా ఆయన కారెక్కి తాళంచెవి తిప్పాడు. ఇంజిన్ అందుకుంది, రెండు క్షణాల్లో ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే. నా తాళంచెవి తెచ్చి ఇచ్చాను. దానితోనూ అంతే. స్టీరింగ్ ముందు ఎర్రటి తాళంచెవి బొమ్మ ఒకటి ఆగకుండా మినుకుమంటోంది. దాన్ని నేను అంతకుముందు ఎప్పుడూ పట్టించుకోలేదు. చివరికి అందరం వెనక నుంచి తోసి నిమ్మకాయలు తొక్కించాం. మా అత్తగారు స్టీరింగ్ కిందికి ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

"ఒక్కదాంతోని మంచిగనే ఉండె," అన్నాడు మా ఆయన. "నువ్వు సవతిని తెచ్చినవ్, పెద్దది అలిగింది."

ఆయన నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం రెండు తాళంచెవులనీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాను. నకలు కోసేటప్పుడు అసలు దానికేమైనా అయిందా? అయితే ఇన్నాళ్లూ ఎలా నడిచింది? మెకానిక్ వచ్చి బ్యాటరీ బాగుంది, పెట్రోలు అందుతోంది, ఇది నా పని కాదన్నాడు. సంగారెడ్డి నుంచి కారు తాళాలకి ప్రోగ్రామింగ్ చేసే అతన్ని పిలిపించమన్నాడు.

అతను వచ్చేసరికి నాలుగు రోజులైంది. ఆ పొద్దున పాప ముక్కు కారుతోంది, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. నేను మాటిమాటికి లోపలికి వెళ్లి దాని నుదురు చూసి వస్తున్నాను. అతను స్టీరింగ్ కింద ఒక వైరు గుచ్చి చేతిలో మిషను చూసుకున్నాడు. తర్వాత మా రెండు తాళంచెవులనీ ఆ మిషను మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

"అక్కా, రెంటిట్ల చిప్పే లేదు. ఉత్త ఇనుము. వీటితోని ఇన్నొద్దులు బండి ఎట్ల నడిచింది?"

నడిచిందన్నాను. నడవదన్నాడు. రెండేళ్లు నడిచిందన్నాను. ఇలాంటి బండ్లలో తాళంచెవి పిడి లోపల చిన్న చిప్పు ఉంటుందని, తాళం చుట్టూ ఉన్న తీగచుట్ట దాన్ని గుర్తుపడితేనే ఇంజిన్ని సాగనిస్తుందని, లేకపోతే దొంగ అనుకుని ఆపేస్తుందని ఓపికగా చెప్పాడు. ప్రతి మాటా అర్థమైంది. అన్నీ కలిపితే మాత్రం అర్థం కాలేదు. అతను చెప్పేది నిజమైతే నేను అబద్ధం చెబుతున్నట్టే, నాకు తెలియకుండానే. చిప్పు లేకపోతే కారులోని కంప్యూటర్ డబ్బా విప్పి హైదరాబాద్ పంపాలట. పది రోజులు పట్టొచ్చట. పది రోజులు అనగానే నేను లోపలికి వెళ్లి పాప నుదురు మళ్లీ చూసి వచ్చాను.

అతను తల వంచి స్టీరింగ్ కింద టార్చి వేశాడు. అక్కడ టేపు జిగురు మరక ఉంది.

"ఈడ ఏమన్న చిన్నది అంటిచ్చి ఉండెనా?"

నేను నోరు తెరిచేలోపే మా అత్తగారు అంది, "తాయెత్తు ఉండె. వాగుల ఏసొచ్చింది."

అతను తల పట్టుకున్నాడు. చిప్పు ఉన్న తాళంచెవి విరిగిపోతే కొందరు ఆ చిప్పుని తాళం పక్కనే అంటించేస్తారట, అప్పుడు ఏ ఇనుప ముక్కతో తిప్పినా బండి నడుస్తుందట. నేను లోపలికి వెళ్లాను. పాప నిద్రపోతోంది. దాని తల మెల్లగా ఎత్తి, తలగడ తీసి, వాళ్లిద్దరి ముందరే కత్తెరతో కుట్టు విప్పాను. దూదిలోంచి నల్ల పొట్లం బయటపడింది. టేపు విప్పితే లోపల నల్లటి చిన్న ప్లాస్టిక్ ముక్క. దాన్ని తాళం దగ్గర పట్టుకుని అతను నా తాళంచెవి తిప్పాడు. బండి నడిచింది, ఆగలేదు.

మా అత్తగారు బండిని చూడలేదు, తలగడ వైపు చూస్తోంది. వాగు గురించి అడుగుతుందనుకున్నాను.

"నాకు చెప్తే నేనే మంచిగ కుట్టకపోదునా," అంది.

అతను చిప్పులున్న కొత్త తాళంచెవులు రెండు తయారుచేసి బండికి నేర్పించాడు. పాత చిప్పుని బండి మరిచిపోయేలా చేశాడు. లేకపోతే ఎవరైనా ఉత్త ఇనుముతో తోలుకుపోవచ్చట. నేను నమ్మక, పాత చిప్పు పెట్టి చూపించమన్నాను. రెండు క్షణాల్లో ఆగింది. ఇక అది ఉత్త ప్లాస్టిక్, పారేయొచ్చు అన్నాడు. మా అత్తగారు చెయ్యి చాపి తీసుకుంది.

మొన్న మధ్యాహ్నం పాపకి మళ్లీ జ్వరం ఎక్కింది. మేకుకున్న తాళంచెవి తీసుకుని కారెక్కాను. ఎర్ర బొమ్మ వెలిగి ఆరిపోయింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. ఇంజిన్ ఆగలేదు. అద్దంలో చూస్తే వెనక సీటులో మా అత్తగారు, ఒళ్లో పాప, దాని తల కింద ఆ తలగడ. ఒక మూల కొత్త కుట్టు కనిపిస్తోంది. ఫిట్స్ రాలేదు. మందు వల్లో, తొందరగా చేరడం వల్లో నాకు తెలియదు. పాప నిద్రపోయాక ఇది రాస్తున్న ఇప్పుడు కూడా తెలియదు. అప్పుడు మాత్రం తలగడ ఎందుకని నేను అడగలేదు. గేరు వేశాను.