వదిన పంచిన లాప్‌టాప్

మా వదిన లాప్‌టాప్‌కు మూత సరిగ్గా పడదు. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. చార్జర్ పీకితే ఆ క్షణమే ఆరిపోతుంది. చూసినవాళ్ళంతా దాన్ని పాత సామానువాడికి వెయ్యమంటారు. నా ముందు ఆ మాటంటే మాత్రం ఒంటికాలి మీద లేస్తాను. ఆ డొక్కు పెట్టెతో వదిన ఏం చేసిందో దగ్గర కూర్చుని చూసినదాన్ని నేను.

బోధన్‌లో మా ఇంటి ముందుగదిలో వదినకు కంప్యూటర్ వర్క్ మిషన్ ఉంది. పెళ్ళి జాకెట్ల మీద నెమళ్ళు, మామిడిపిందెలు, లతలు అదే కుడుతుంది. వదిన గీసిన డిజైన్‌ను మిషన్‌కు అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి లాప్‌టాప్‌లో ఉంది. అది పాత విండోస్‌లో తప్ప నడవదు. మిషన్ అమ్మినవాళ్ళు దుకాణం ఎత్తేసి ఏళ్ళయింది. ఆ సాఫ్ట్‌వేర్ ఒకసారి పోయిందా, మళ్ళీ వేసుకుందామంటే సీడీ లేదు, అడుగుదామంటే మనిషి లేడు. వదిన పని ఆగిపోయినట్టే.

అలాంటి లాప్‌టాప్‌తో నాకు అవసరం పడింది. సంసారం నిలవక ఒక సూట్‌కేసుతో పుట్టింటికి వచ్చి అప్పటికి కొన్ని నెలలు. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతూ, రోజూ బస్సులో పోయి వస్తూ, ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాను. ఆ కోర్సుకు కావలసినవేవీ పాత విండోస్‌లో ఎక్కవు. విండోస్‌కు బదులు వేసుకునే లినక్స్ అయితే ముసలి లాప్‌టాప్ మీద కూడా హాయిగా నడుస్తుందని కోర్సువాళ్ళు చెప్పారు. కొత్తది కొనే మాట ఆ ఏడు మా ఇంట్లో లేదు. ఇక్కడ ఎన్నాళ్ళుంటావని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అడగకపోవడం మర్యాదే. కానీ పుట్టి పెరిగిన ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీయాలన్నా ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసేదాన్ని.

నిజామాబాద్ బస్టాండ్ దగ్గరి రిపేరు షాపులో అడిగాను. "పాతది తీసేసి కొత్తది ఎక్కిస్తం మేడమ్. రెండూ ఉండాలంటే రిస్కు. పాతది లేవకపోతే మాకు సంబంధం లేదు" అన్నాడు షాపతను. ఇంటికొచ్చి, నాకీ కోర్సూ వద్దు గీర్సూ వద్దు, మానేస్తాను అని వదినతో అన్నాను. కాస్త విసురుగానే అన్నాను, నా నోరు అంతే.

వదిన దారం తెంపుతూ, "ఒక్క ఇంట్ల రెండు కాపురాలు ఉంటలేవా? మధ్యల గోడ పెడదాం" అంది.

వదినది వర్ని దగ్గర చందూర్. పెళ్ళికి ముందు డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. ఆ చదువు ఇన్నాళ్ళూ మిషన్ చప్పుడులో వినపడకుండా పోయింది. ఆ వారమంతా ఒక జాకెట్‌కూ ఇంకో జాకెట్‌కూ మధ్య ఫోన్లో వీడియోలు చూసింది. మా అన్న ట్రాక్టర్‌లో పాటలకు వాడే పెన్‌డ్రైవ్ లాంటిదే ఇంకొకటి తెప్పించి, దాన్లో లినక్స్ ఎక్కించి పెట్టుకుంది. ఒకరోజు జాకెట్ గుడ్డ నేల మీద పరిచి, సుద్దతో అడ్డంగా గీత గీసి నాకు పాఠం చెప్పింది.

"గిది డిస్క్‌ల సీ డ్రైవ్. విండోస్, నా సాఫ్ట్‌వేర్ దీంట్ల ఉన్నయ్. గిది డీ. నా డిజైన్లు దీంట్ల ఉన్నయ్. డీ ల సగానికన్న ఎక్కువ ఖాళీనే. ఆ ఖాళీ తీసి నీకిస్త."

"మరి గీత తప్పితే?" అన్నాను.

"తప్పితే నా పని పోతది. అందుకే తప్పొద్దు."

కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా చెప్పింది. ఆమె ధైర్యం చూసి నాకే చెమటలు పట్టాయి. వచ్చే వారం ఒక పెళ్ళికూతురి జాకెట్లు మొదలుపెట్టాలి, ఆలోపే అయిపోవాలని, ఆదివారం చర్చి నుంచి రాగానే కూర్చోవాలని అనుకున్నాం.

మా అన్న చెరుకు రైతు. ఆయనకు పంచుకోవడమంటే భూమి పంచుకోవడమే. మా బాపు, ఆయన తమ్ముడైన మా కాక చేను పంచుకున్నప్పుడు ముందు చేన్లో ఉన్న మోటారు, పైపులు, నాగళ్ళు అన్నీ ఇంట్లోకి తెచ్చారు. చేను ఖాళీ అయ్యాక బాపు రెండు పాళ్ళు పెట్టాడు. పాళ్ళు పెట్టింది ఆయన కాబట్టి ముందు ఏరుకున్నది మా కాక. మా వైపు పద్ధతి అది. పెట్టిన మనిషి మిగిలింది తీసుకోవాలి. అప్పుడు గీత ఎవరికీ వంకరగా పడదు.

శనివారం వదిన జాకెట్లు ఇవ్వడానికి బజారుకు పోయినప్పుడు, పంచేముందు చేను ఖాళీ చేసే ఆ పద్ధతిని అన్న ఎవరూ అడగకుండానే లాప్‌టాప్‌లో పెట్టాడు. ట్రాక్టర్ పాటలు ఎక్కించుకునే మనిషికి కట్, పేస్ట్ వచ్చు కదా. డీ లో ఉన్న డిజైన్లు, ఫొటోలు, సినిమాలు అన్నీ తీసి సీ లో, తెర మీదే పెట్టాడు. సీ అసలే నిండుకుండలా ఉంది. చోటు చాలదని అది మొత్తుకుంటుంటే, కొన్ని కొన్నిగా కుక్కి మరీ పెట్టాడు.

ఆదివారం వదిన లాప్‌టాప్ తెరిచింది. విండోస్ సగం దాకా వచ్చి ఆగింది. నల్లటి తెర మీద తెల్ల బాణం ఒక్కటే మిగిలింది. ఆర్పి మళ్ళీ వేసింది. మళ్ళీ అదే.

"నిన్ననే సామానంత ఇంట్ల పెట్టిన. చేను ఖాళీ. ఇగ మీరు గీత గీసుడే" అన్నాడు అన్న, సంతోషంగా.

"నిన్నెవరు ముట్టమన్నరన్నా? నీకు చేతులు ఊరుకోవా?" అని అరిచాను. వదిన పోయి మొహం కడుక్కుని, చాయ్ పెట్టి, ముగ్గురికీ పోసి, అప్పుడు అడిగింది.

"కాపీ జేసినవా, కట్ జేసినవా?"

"కట్టే. రెండు దిక్కుల ఎందుకు అని."

వదిన నవ్వింది. కోపమొస్తే ఓర్చుకునేదాన్ని గానీ, ఆ నవ్వు చూసి నాకు నిజంగా భయమేసింది. "నీ పాటల పెన్‌డ్రైవ్ ఇయ్యి" అంది.

"దాంట్ల పాటలు పోతయ్ గదా."

"పోతయ్" అంది వదిన, చెయ్యి చాపి. అన్న ట్రాక్టర్ దగ్గరికి పోయి తెచ్చిచ్చాడు.

ఆ తర్వాత వదిన చేసింది చూసి నేను నోరెళ్ళబెట్టాను. తను సిద్ధం చేసుకున్న పెన్‌డ్రైవ్ పెట్టి లాప్‌టాప్ వేసింది. లోపలి డిస్క్‌ను ముట్టుకోకుండా, ఆ పెన్‌డ్రైవ్‌లోంచే లినక్స్ లేచింది. అందులోంచి సీ తలుపు తీసింది. యూజర్ల ఫోల్డర్, దాన్లో తన పేరు, దాన్లో డెస్క్‌టాప్. నెమళ్ళు, పిందెలు, లతలు, అన్నీ వరుసగా ఉన్నాయి.

"ఉన్నయ్" అంది, అంతే. డిజైన్లన్నీ ఒకసారి అన్న పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసింది, తర్వాత అన్నిటినీ డీ లోకి చేర్చింది. పెన్‌డ్రైవ్ పీకి మామూలుగా వేస్తే, పాత విండోస్ మూలుగుతూ ముక్కుతూ లేచింది. సాఫ్ట్‌వేర్ తెరిచి, ఒక నెమలిని పిలిచి, దాని ఈకలు లెక్కగా ఉన్నాయో లేదో చూసి, అప్పుడు చల్లారిన చాయ్ తాగింది.

"ఇగ చాలు వదినె. దేవుని దయ. మూసెయ్" అన్నాను.

"ఇంక మొదలే గాలే" అంది. "సీ ఇరుకుంది గాబట్టే గిట్లయింది. డీ ని అవతలికి జరిపి సీకి కొంత జాగ ఇస్త. ఆఖర్ల మిగిలేదాంట్ల నీ పాలు."

లినక్స్ పెన్‌డ్రైవ్ మళ్ళీ పెట్టి వేస్తే, తెర మీద డిస్క్‌లోని భాగాలు చూపించే రంగుల పట్టీ వచ్చింది. జాకెట్ గుడ్డ మీద గీసినట్టే వదిన గీతలు జరిపింది. సీకి ఇవ్వాల్సింది ఇచ్చాక, మిగిలినదాన్ని సరిగ్గా మధ్యకు కోసి చెయ్యి తీసేసింది. "పాళ్ళు పెట్టింది నేను. ముందు ఏరుకునేది నువ్వు."

"నాకెందుకు వదినె అంత? మూలకు ఇంత ఉంటే చాలు" అన్నాను.

వదిన నా వైపు తిరిగింది. "మూలకు పడి ఉండేటందుకు వచ్చినవా ఈడికి? సక్కగ చెప్పు, ఏది నీది?"

లాప్‌టాప్ గురించే అడిగింది. కానీ నెలల తరబడి ఎవరూ అడగనిది కూడా అందులో ఉంది. అన్న కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను వేలు పెట్టి చివరి సగం చూపించాను. "ఆఁ" అని వదిన నొక్కింది.

డీ అవతలికి జరగడం మొదలైంది. సగంలో కరెంటు పోతే సగం అటూ సగం ఇటూ అయి రెండూ పోతాయని వదిన ముందే చెప్పింది. అన్న ఇన్వర్టర్ దగ్గర కాపలా కూర్చుని ఫ్యాను, టీవీ, లైటు అన్నీ కట్టేయించాడు. ఎండాకాలం మధ్యాహ్నం, గాలి లేని గదిలో ముగ్గురం చెమటలు కక్కుతూ తెర మీది పట్టీనే చూస్తూ ఉన్నాం. చార్జర్ పిన్ను వదులు. అది ఎక్కడ కదిలి ఊడుతుందోనని వదిన దాన్ని బొటనవేలితో అదిమి పట్టుకుంది. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. అనుకున్నట్టే కరెంటు పోయింది. ఇన్వర్టర్ కీచుమంది. ఎవరం కదల్లేదు. పట్టీ మాత్రం పాకుతూనే ఉంది. అది చివరికంటా పోయాక వదిన వేలు తీస్తే, దాని మీద పిన్ను అచ్చు ఎర్రగా పడి ఉంది.

ఇక లినక్స్ ఎక్కించడం పెద్ద పనేం కాలేదు. నా పేరు, నా పాస్‌వర్డ్ నన్నే కొట్టమని వదిన తల అటు తిప్పుకుంది. ఆర్పి వేస్తే నల్ల తెర మీద తెల్లగా కొన్ని వరుసలు వచ్చాయి. పైన లినక్స్, అన్నిటికన్నా కింద విండోస్. వదిన కింది బాణం నొక్కుతూ పోయి విండోస్ తెరిచింది. నెమలి వచ్చింది. ఆమె మొహంలో వెలుగు చూసి నేను ఏడ్చేశాను, దాచుకోలేదు.

మళ్ళీ ఆ వరుసలు చూస్తే ఒక సంగతి కనపడింది. ఏమీ నొక్కకుండా కాసేపు ఊరుకుంటే అది తనంతట తానే లినక్స్‌లోకి పోతోంది. "నీది పైకి పెట్టు వదినె. పొద్దంత వాడేది నువ్వు" అన్నాను.

"ఉండనియ్. నేను నాలుగు సార్లు నొక్కుకుంట, నాకేం పోతది. నీకు మాత్రం ఏం నొక్కకున్నా తెరుసుకోవాలె."

అది మొదటి నుంచీ అలాగే వస్తుందని, కావాలంటే మార్చుకోవచ్చని కోర్సులో తర్వాత చదివాను. ఆ మార్చడం వదినకు నాకంటే ముందే తెలుసు. ఇప్పటికీ రోజూ పొద్దున జాకెట్ పని మొదలుపెట్టేముందు వదిన ఆ కింది బాణం నొక్కుతుంది. వంటింట్లో ఫ్రిజ్ తలుపు తీస్తున్న నాకు ఆ టకటక వినపడుతుంది.