దొర కోసం పోసిన ఇసుక

సర్వేశ్వరరావుకి ఉద్యోగం మీద రోత ఒక్కరోజులో పుట్టింది కాదు. కానీ అది ముదిరి వాంతిదాకా వచ్చింది మాత్రం సిరిగుడ వల్లనే.

ఆయనది భీమిలి. చిన్నప్పుడు సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బ ఏడాదికేడాదీ పక్కకి జరగడం కనిపెట్టి, "దిబ్బ నడుస్తోంది" అని ఇంట్లో చెబితే చెవి మెలిపెట్టారు. మద్రాసులో భూగర్భశాస్త్రం చదివి సర్వే ఆఫీసులో చిన్న ఉద్యోగంలో చేరాక, ఎవరూ పోనంటున్న రాజపుతానా ఎడారికి తనంతట తానే అడిగి వేయించుకున్నాడు. "ఇసక లెక్కెట్టడానికి జీతవేటిరా?" అని మేనమామ ఊరంతా చెప్పుకుని నవ్వాడు. గాలికి పుట్టి ధూళికి పెరిగినవాడికి పిల్లనెవరిస్తారని వచ్చిన సంబంధాలు కూడా తప్పుకున్నాయి.

ఆయనకేం పట్టలేదు. దిబ్బ పాదాన ఇనుప మేకులు పాతి, గాలి దాన్ని ఎంత దూరం నెట్టిందో కొలిచేవాడు. బోర్లా పడుకుని నేల బారున చూసేవాడు. గాలి ఇసుకని దుమ్ములా ఎత్తుకుపోదనీ, రేణువు గెంతి ఇంకో రేణువుని తన్ని లేపుతుందనీ అలాగే తెలుసుకున్నాడు. ఒరుసుకుని ఒరుసుకుని ఎడారి ఇసుక రేణువు గుండ్రబడుతుంది. వాగులో ఇసుకకి ఇంకా పదునైన అంచులుంటాయి. ఈ సంగతులన్నీ ఒక పుస్తకంగా రాసి ఆఫీసుకిచ్చాడు. కళ్ళు పుసులు కట్టించుకుని, అన్నంలో ఇసుక నమిలి రాసిన పుస్తకం. పైవాళ్ళు దాన్ని బీరువాలో పడేసి, "అచ్చుకి డబ్బు లేదు" అన్నారు. వాళ్ళ వేట విందులకి మాత్రం ఎప్పుడూ లోటు రాలేదు.

పందొమ్మిది వందల ఇరవయ్యారులో ఆయన్ని సున్నపురాయి వెతకమని అరకు కొండల మీదికి తోలారు. శృంగవరపుకోట నుంచి ఘాటు రోడ్డు ఎక్కేసరికే వాన పట్టుకుంది. పొడి నేల మనిషికి బురద, జలగలు, చలిజ్వరం. డేరాలో పక్కబట్టలు కూడా బూజు కంపు కొట్టేవి. అవన్నీ తిట్టుకుంటూ సిరిగుడ అనే గూడెం చేరితే, ఊరి మొదట్నుంచి ఊరిపెద్ద సోంబరు గుమ్మందాకా తెల్లటి ఇసుక పరిచి ఉంది.

"ఇదేమిటి?" అన్నాడు.

"గెడ్డ ఇసక బాబూ," అంది సోంబరు పెళ్ళాం సోములమ్మ, ఖాళీ గంప చంకన పెట్టుకుని. "సుట్టం వొత్తే వాగులోంచి తెచ్చి పోత్తాం. సుట్టం కాళ్ళకి బురదంటితే మాకు సిగ్గు."

ఆయన చెప్పులు విప్పేసి నడిచాడు. ఆ కొండల్లో ఆయనకి నచ్చిన మొదటి సంగతి అదే. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా సోంబరు ఇంట్లోనే దిగేవాడు.

అప్పుడు దిగాడు అడవి దొర, అటవీ శాఖ పెద్ద అధికారి. సిరిగుడ మీది కొండవాలు ఆయన కంట పడింది. ఆ వాలున గూడెంవాళ్ళు తుప్పలు నరికి కాల్చి, ఆ బూడిదలో రాగులూ సామలూ చల్లుకుంటారు. ఆ పోడే వాళ్ళ తిండి. దొరకి కావలసింది కొండ మీది కలప. ఊరికే లాక్కుంటే బాగుండదు గనక, పోడు వల్ల కొండలు ఎడారి అయిపోతున్నాయనే మాట కావాలి. అది ఎడారి తెలిసినవాడి నోట రావాలి.

"రాసిచ్చెయ్. నీ పుస్తకం అచ్చవుతుంది. నిన్ను మళ్ళీ నీ దిబ్బల దగ్గరికి పంపిస్తాం," అన్నాడు దొర, చుట్ట పొగ ముఖాన ఊదుతూ.

సర్వేశ్వరరావుకి గుండె లాగింది. లేదని చెబితే అబద్ధం. కానీ తలూపలేదు.

"చూడకుండా ఎలా రాయనండీ?" అన్నాడు.

"పద, చూద్దాం," అన్నాడు దొర.

పెద్ద దొర వస్తున్నాడన్న కబురు సిరిగుడకి ముందే చేరింది. సోంబరు గూడేన్నంతా గెడ్డలోకి దింపాడు. ముసలీ ముతకా గంపలతో ఇసుక మోశారు. దొర పోడు చూస్తాడట అని, దారి పొడుగునా పోసి, అక్కణ్ణుంచి పోడు మొదటిదాకా పోశారు.

దొర బూటు కింద ఇసుక కరకరమంది. ఆగి, కిందకి చూసి, పకపకా నవ్వాడు. "చూశావా! ఎడారి ఊళ్ళోకే వచ్చేసింది!"

వెనకాల గుమాస్తాలు, బంట్రోతులు అందరూ నవ్వారు. వాళ్ళలో కొండవాగు ఇసుక ఎరగనివాడు ఒక్కడు లేడు. అయినా నవ్వారు. దొరకి మర్యాద నచ్చిందనుకుని సోంబరు కూడా నవ్వాడు, చేతులు జోడించి, ముఖమంతా వెలిగిపోతూ. ఆ నవ్వు చూడలేక సర్వేశ్వరరావు ముఖం తిప్పుకున్నాడు.

వంగి గుప్పెడు ఇసుక తీశాడు. "ఇది గాలి తెచ్చింది కాదండి. అంచులు చూడండి. గెడ్డ ఇసుక. మీరొస్తున్నారని మోసుకొచ్చి పోశారు."

"ఎవరు తెస్తేనేం? ఇసుక ఉందా, లేదా?"

"ఉంది."

"అది రాయి, చాలు."

ఆయన రెండు వాక్యాలు రాశాడు. సిరిగుడలో దారి పొడుగునా, పోడు మొదటిదాకా ఇసుక ఉంది. అది గాలి ఇసుక కాదు, అతిథి మర్యాదకి పోసిన వాగు ఇసుక. అలా రాసిచ్చి, పుస్తకం మీద ఆశ వదులుకున్నాడు.

మరుసటి ఏడు పుస్తకం వచ్చింది. తోలు అట్ట, దాని మీద ఆయన పేరు. గబగబా పేజీలు తిప్పాడు. తన దిబ్బలు, తన కొలతలు, అన్నీ ఉన్నాయి. ఆఖర్న మాత్రం తను రాయని అధ్యాయం ఒకటి ఉంది, కొండల్లోకి పాకుతున్న ఎడారి గురించి. దానికి సాక్ష్యం ఆయన మొదటి వాక్యం. రెండో వాక్యం లేదు. ఆయన పెరట్లోకి పరిగెత్తి కక్కుకున్నాడు. ఏ పుస్తకం కోసం యౌవనమంతా ఇసుకలో పోశాడో ఆ పుస్తకాన్ని మళ్ళీ ముట్టుకోబుద్ధి కాలేదు. రాజపుతానాకి వెళ్ళమన్న ఉత్తర్వు కూడా వచ్చింది. రాజీనామా పంపేశాడు.

సిరిగుడ వెళ్ళేసరికి పోడు చుట్టూ అటవీ శాఖ సరిహద్దు రాళ్ళు పాతేసి ఉన్నాయి. గూడెంలో సగంమంది రోడ్డు కూలికి పోయారు. అయినా సోంబరు గుమ్మం ముందు సోములమ్మ గంప బోర్లించి ఇసుక సర్దుతోంది, ఆయన కోసమే.

"ఆపమ్మా," అన్నాడు. గుమ్మం ముందే నిలబడి, ఏదీ దాచకుండా అంతా చెప్పాడు. ఆయన మాట సగం ఎలా మింగేశారో, ఏ ఇసుక చూపించి కొండ లాక్కున్నారో చెప్పాడు.

సోంబరు గుమ్మం ముందు ఇసుక వంక చూశాడు. "మేం పోసిన ఇసకేనా బాబూ?" అన్నాడు.

"అదే."

వాళ్ళు తిడతారనుకున్నాడు. తిట్టినా బాగుండేది. సోములమ్మ చీపురు తెచ్చి, పోసిన ఇసుకంతా గంపలోకి ఎత్తి గెడ్డ వైపు వెళ్ళిపోయింది.

సర్వేశ్వరరావు మళ్ళీ భీమిలి వెళ్ళలేదు. అరకులోనే చిన్న ఇల్లు కట్టుకుని, పిల్లలకి చదువు చెప్పుకుంటూ ఉండిపోయాడు. సిరిగుడకి తరచూ వెళ్ళేవాడు. వాళ్ళు చాప వేసేవారు, ఉన్న అంబలి పోసేవారు, కాళ్ళు కడుక్కోమని నీళ్ళిచ్చేవారు. ఇసుక మాత్రం ఎవరికీ పొయ్యలేదు, ఆయనకి కూడా.