మాస్టారి రెండు స్వరాలు

దయానందం మాస్టారు ఇక లేరన్న వార్త మంగళవారం ఉదయం, ఇళ్ల నుంచే వైర్‌లెస్‌లో మాట్లాడుకునే మా హామ్ రేడియో మిత్రుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దివంగతుడైన సభ్యుడి పేరు పక్కన 'సైలెంట్ కీ', అంటే మూగబోయిన మీట, అని రాయడం మా లోకంలో ఆచారం. ఆ మాట చూడగానే దుఃఖం కంటే ముందు నాకు ఒళ్లు మండింది. క్యాన్సర్ వల్ల స్వరపేటికనే కోల్పోయి, ఏళ్ల తరబడి ఒక్క మాటా పలకలేక బతికిన మనిషికి కొత్తగా మౌనం అంటగట్టడమేమిటి? ఆ కోపం చల్లారాకే ఏడ్వగలిగాను.

సికింద్రాబాదులో ఒక మిషన్ బడిలో ఆయన మాకు భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు. మోండా మార్కెట్ దగ్గర కరెంటు సామాను అమ్మే ఇంట్లో పుట్టినదాన్ని కనుక తీగలు నాకు కొత్త కావు. తీగల్లో విద్య ఉందని చెప్పినవారు మాత్రం ఆయనే. బడి వదిలాక సైన్సు గదిలో రేడియో టెలిటైపు నేర్పేవారు. మనం కొట్టిన ప్రతి అక్షరమూ రెండు స్వరాలుగా, ఒకటి కాస్త హెచ్చుగా, మరొకటి కాస్త తగ్గుగా, ఆకాశంలోకి పోతుంది. అవతలి యంత్రం ఆ స్వరాలను మళ్లీ అక్షరంగా మార్చుకుంటుంది.

"ఆ స్వరాలు పుట్టించడానికి దారులు రెండు" అనేవారు. "సన్నాయి ఊదేవాణ్ని మైకు ముందు కూర్చోబెట్టడం మొదటిది. ప్రసార యంత్రాన్నే సన్నాయి చేసి వాయించడం రెండోది." మొదటి పద్ధతిలో కంప్యూటరు ధ్వని చేస్తుంది, రేడియో దాన్ని మైకు ద్వారా అందుకుంటుంది. రెండో పద్ధతిలో కంప్యూటరు ఒక స్విచ్చును వేసి తీస్తుంది, అంతే. రేడియో తనకు తానే అటూ ఇటూ మారుతుంది. గదిలో చప్పుడే ఉండదు. "మొదటి దాంట్లో సుఖం, రెండో దాంట్లో శుభ్రం" అని ముక్తాయించేవారు.

శస్త్రచికిత్స తరువాత ఆయన సుఖాన్నే ఎంచుకున్నారు. సాయంత్రాలు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తుంటే పక్కనున్న చిన్న స్పీకరులో పిచుకల గుంపులా ఆ రెండు స్వరాలూ కిలకిలమనేవి. "ఇది నా గొంతు" అని పలక మీద రాసి చూపించారు. అల్వాల్‌లో మా ఇంట్లో కూర్చుని నేను బదులిచ్చేదాన్ని.

తరువాత మోకాళ్లు మొరాయించాయి. సీతాఫల్‌మండిలో వారిది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆయన మెట్లు దిగడం మానేశారు. మంచం, బల్ల, ఊచల కిటికీ. ఆ ఊచల సందులోంచి ఏరియల్ రాగితీగ ఒకటి డాబా మీదికి పోయేది. "మనిషి లోపల, తీగ బయట. అది చాలు" అని రాసేవారు. నాకైతే ఆ గదిలో అడుగు పెడితే ఊపిరాడేది కాదు.

ఒకనాడు నేనక్కడ ఉండగానే అపార్టుమెంటు సెక్రటరీ యాదగిరి వచ్చాడు.

"మాస్టర్ సాబ్, ఏందిది? మీరు షురూ జేస్తే చాలు, మా టీవీ బర్రుబర్రుమంటది. పక్క పోర్షన్ల పసిపిల్ల సుత ఈ మోతకు నిద్ర పోతలేదు. ఆదివారం మీటింగ్‌ల తీగ తీసేపిద్దమంటున్నరు. జెర సమజ్ చేస్కోండ్రి."

"దోషం మీ కేబులుది" అని మాస్టారు పలక మీద గట్టిగా రాశారు. ఆయన దేవుడేమీ కాదు, మహా మొండి.

యాదగిరి వెళ్లాక బల్ల మీదికి వంగి చూశాను. కంప్యూటరు ధ్వని చిట్టచివరి దాకా పెంచి ఉంది. దాని తీగకు రెండు కొసలు: ఒకటి స్పీకరుకు, ఒకటి రేడియో మైకు సాకెట్టుకు. తన చెవికి అందడం లేదని ఆయన ధ్వని పెంచుతూ పోయారు. ఆ పెంచినదంతా రేడియోలోకీ పోయి, పట్టనంత కుక్కిన సంచిలా పిగిలి, ఇరుగుపొరుగు స్పీకర్లలో పడుతోంది. "మూడో స్వరం పుట్టిందంటే తప్పు మనదే" అని మాకు నేర్పిన గురువు ఈయనే. గొంతు పోయిన మనిషికి చెవులూ పోతున్నాయని ఎవరు చెప్పాలి? నేనే చెప్పాను, గట్టిగా, రెండుసార్లు.

ఆయన పలక తుడిచారు. "ఎప్పటి నుంచి?" అని రాశారు.

చెవిలో చీము వల్ల హెడ్‌ఫోన్లు డాక్టరు ఎప్పుడో మానిపించాడు. స్పీకరును విడిగా పెట్టి పెంచితే పసిబిడ్డ లేస్తుంది, తగ్గిస్తే ఈయనకు వినబడదు. గొంతు కావాలంటే తీగ పోతుంది, తీగ కావాలంటే గొంతు పోవాలి.

"మీటింగులో నేను కొట్లాడతాను మాస్టారూ!" అన్నాను.

తల అడ్డంగా ఊపారు. "నన్ను రెండో పద్ధతికి మార్చు" అని రాశారు.

ఒక్క ట్రాన్సిస్టరు పని. అతికించి, పాత తీగ ఊడదీశాను. ఆయన టైపు చేశారు. తెరమీద అక్షరాలు నడిచాయి, గది మాత్రం ఉలకలేదు. రేడియో మూత మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే కూర్చున్నారు.

"మంచిగైంది సార్, ఇగ ఏం లొల్లి లేదు. ఉండనీయండ్రి తీగ" అని శనివారం యాదగిరి చెప్పి వెళ్లాడు. దేశదేశాల మిత్రులు ఆ సంకేత నైర్మల్యాన్ని వేనోళ్ల పొగిడారు. మాస్టారు ఏ పొగడ్తకూ బదులివ్వలేదు. నన్ను మాత్రం రోజూ అడిగేవారు, "వినబడుతున్నానా?" అని. "స్పష్టంగా, మాస్టారూ" అని కొట్టేదాన్ని. కడదాకా ఇదే వరస.

భూస్థాపన అయి, ఓదార్పు ప్రార్థనల ఆదరణ కూడికకు వచ్చిన బంధువులు వెళ్లిపోయాక, ఆయన భార్య సుగుణమ్మగారు నన్ను ఆ గదిలోకి పిలిచారు.

"లలితా, ఆయన గొంతు ఒకసారి పెట్టమ్మా."

"అమ్మా, ఆ స్వరాలు లోకమంతటికీ ఒకటే. ఎవరు కొట్టినా అవే వస్తాయి."

"ముందు పెట్టు."

పాత తీగ వెతికి, రేడియోను వదిలేసి ఒక్క స్పీకరుకే కలిపాను. తోచిందేదో టైపు చేశాను. పిచుకలు లేచాయి. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"ఇది నువ్వు. ఆయన ఇంత గబగబా మాట్లాడరు. చెయ్యి తియ్యి."

తీశాను. ఏ అక్షరమూ కొట్టనప్పుడు టెలిటైపు ఆగిపోదు, తరువాతి అక్షరం కోసం ఒకే స్వరాన్ని సాగదీస్తూ ఉంటుంది. ఆ ఒంటి స్వరం గది నిండా పరుచుకుంది. సుగుణమ్మగారు కళ్లు మూసుకున్నారు.

"ఇదీ ఆయనంటే. ఏం రాయాలా అని ఆలోచిస్తున్నారు."

ఆ స్వరం యంత్రానిదే; ఆయన నాకు ఎన్ని విద్యలు నేర్పితేనేం, ఆయన సంకోచాన్ని ఇక ఏ యంత్రమూ పుట్టించజాలదు. మాస్టారి బల్ల మీద తల ఆనించి నమస్కరించాను. ఆ స్వరాన్ని ఆపమని ఆవిడ అనలేదు. ఆపమంటారా అని నేనూ అడగలేదు.