వెనక పంటికి టోపీ

ఏమే, ఆ పెన్ను కొరకటం ఆపి, ఇట్టా కూచుని సరిగ్గా విను. చెప్పింది చెప్పినట్టు రాయి.

నరసరావుపేటలో రూట్ కెనాల్ చేయించుకున్నాక నొప్పి పోయింది. ఇంక సిమెంటు పెట్టి పంపిస్తారనుకున్నా. డాక్టరమ్మేమో, "మామ్మగారూ, క్యాప్ పెట్టాలి" అన్నది.

"ఈ వయసులో నాకు టోపీ ఏందమ్మా!" అన్నా.

ఆ పిల్ల పడీపడీ నవ్వింది. "మీకు కాదు, పంటికి. ముందు పంటికి చిన్న పుచ్చయితే సిమెంటే చాలు. ఇది నమిలే పన్ను, రెండు పక్కలా గోడలు పోయినయ్. ఉత్త సిమెంటు పెడితే గట్టిది కొరికినప్పుడు నిలువునా చీలుద్ది."

"అంటే బండి చక్రం పగలకుండా చుట్టూ ఇనప కట్టు వేసినట్టా?"

"అచ్చం అంతే! ఇంతకీ మీరేం తింటారు?"

"పప్పు చెక్కలు. అవి నమల్లేకపోతే ఈ పన్నెందుకు?"

"అయితే తెల్ల పింగాణీది వద్దు, పెచ్చు లేచిపోద్ది. లోహందే పెడతా. వెనక పన్నేగా, కనపడదు."

మొన్న పెట్టింది. ఇయ్యాళ మీ అమ్మ చెక్కలు వేయిస్తంది. మొదటిది ఆ పక్కనే పెట్టి...

"అత్తయ్యా, వేడిగా ఉన్నయ్, తిందురు రండి!"

వస్తన్నానే! ఇదిగో, రాయి, ఆ పక్కనే పెట్టి కరకరా...