దానిమ్మ చెట్టుకు పెట్టిన విందు

మొన్న నా చేతులతో నేనే దానిమ్మ చెట్టును పోగొట్టుకున్నాను. ఎట్లాగో చెబుతాను, నవ్వితే నవ్వండి. నాకైతే ఇంకా అన్నం సయించడం లేదు.

నారాయణపేట ఎండలు మీకు తెలియనివి కావు. బడి ఉద్యోగం ముగిసి పింఛను మీద ఇంటిపట్టున ఉన్నాక పెరట్లో నేను నాటినవన్నీ చచ్చాయి. జామ చచ్చింది. నందివర్ధనం చచ్చింది. అశోక మొక్క నిలువునా ఎండింది. (మా కాలేజీ హాస్టలు ముందర అశోక చెట్లు వరుసగా ఉండేవి. వాటి నీడనే ఫార్సీ పద్యాలు బట్టీపట్టేవాళ్లం. సరే, అది వదిలేయండి.) వ్యవసాయ శాఖ గ్రామసేవకుడు ఇచ్చిన దానిమ్మ ఒక్కటే బతికి, ఈ ఏడు తొలి కాయలు పట్టింది.

"ఇవి గిన పండకపోతే చెట్టు కొట్టిచ్చి, గా జాగల దండెం కట్టుకుంట" అని మా ఆవిడ ముందే చెప్పింది.

అంతలో బావి అడుగంటింది. పక్కింట్లో మగ్గం నేసే నాగప్ప భార్య గోడ మీది నుంచి అడిగింది: "సార్, నూలుకు పెట్టంగ మిగిలిన గంజి పారబోస్తున్నం. చెట్టుకు పోసుకుంటరా?"

వద్దంటానా? ఉత్త గంజికి ఏం బలముంటుందని నూనె తీసిన పల్లిచెక్క నానబెట్టి కలిపాను. తవుడు మట్టికి మంచిదని ఎక్కడో చదివిన గుర్తు. అదీ కలిపాను. పాదు నిండా పోశాను.

"ఏందిది, గింత కమ్మగ వాసనొస్తాంది?" అంది మా ఆవిడ.

"ఎరువు" అన్నాను.

మర్నాడు బజారుకు పోయి వచ్చేసరికి చెట్టు చుట్టూ నేను పెట్టిన ముళ్లకంప పక్కకు పడి ఉంది. వెనక వీధి మల్లయ్య బర్రె పాదులో మూతి పెట్టి నాకుతోంది. దానిమ్మ మొదలుకంటా విరిగి దాని కాళ్ల కింద ఉంది. కాయలు పచ్చడయ్యాయి. అదిలించాను. తలెత్తి నన్నొకసారి చూసి, మళ్లీ నాకడం మొదలుపెట్టింది.

మా ఆవిడ వచ్చి చూసింది. "గంజి, తవుడు, పల్లిచెక్క. గది కుడితి గాక మరేంది? బొట్టుపెట్టి పిలిచిన్రు బర్రెను."

మధ్యాహ్నానికల్లా అక్కడ దండెం వెలిసింది. ముందుగా నా ధోవతులే ఆరేసింది.

సాయంత్రం మల్లయ్య వచ్చాడు. తప్పైందంటాడనుకుని, పెద్దమనసుతో "పోనీలే" అనడానికి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

అతను చేతులు కట్టుకుని అన్నాడు: "సార్, మా బర్రె పొద్దటిసంది ఇంట్ల కుడితి ముడ్తలేదు. మీరు ఏమేం కలిపిన్రో జర చెప్పరాదుండ్రి?"

నా తోటపని మీద ఊళ్లో ఇంతవరకు సలహా అడిగినవాడు అతనొక్కడే. పాళ్లతో సహా చెప్పాను.